గురునానక్ జయంతి పండగ, 84 జ్ఞాపకం: రెండూ ఒకే నెలలో ఎలా?

నిజాంపేట్_నాని
అందరికీ నమస్తే. చాన్నాళ్ల నుంచి అడుగుదామనుకుంటున్న డౌట్ ఇది. మా టీమ్‌లో ఒక సర్దార్జీ ఉన్నాడు, ఢిల్లీ అబ్బాయి, భలే సరదా మనిషి. కానీ నవంబర్ మొదటి మూడు రోజులు (1984లో ఢిల్లీలో సిక్కుల్ని చంపిన రోజులట) మాత్రం పార్టీ అంటే రాడు, బర్త్‌డే కేక్ కూడా ముట్టుకోడు, వాట్సాప్ డీపీ నల్లగా పెట్టేస్తాడు. మళ్లీ కొన్ని రోజులు తిరక్కుండానే గురునానక్ జయంతి అని ఫ్లోర్ అంతా స్వీట్లు పంచి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి భోజనానికి రమ్మని వెంటపడతాడు. మన ఇళ్లల్లో ఎవరైనా పోతే ఆ ఏడాది పండగలుండవు కదా. మరి వీళ్లు రెండూ పక్కపక్కనే ఎలా పెట్టుకుంటారు? అతన్నే అడగొచ్చు, కానీ ఎక్కడ తగులుతుందో అని మొహమాటం. గూగుల్ చేస్కో అనకండి, చేశాను, రాజకీయ నాయకులు తిట్టుకోవడం తప్ప ఏం దొరకలేదు.

గుంటూరు_మిర్చి
84 అంటే ఇందిరమ్మ చనిపోయినప్పటి గొడవలే కదా బ్రో. నలభై ఏళ్లు దాటిపోయింది. ఏ దేశంలో జరగలేదు గొడవలు? ప్రతి ఏడాదీ పుండు గోక్కుంటా కూర్చుంటే మానేదెప్పుడు. పండగ చేసుకోండి, లంగర్ భోజనాలు పెట్టండి, మేం కూడా వస్తాం, దానికి ఇది కలపడం దేనికి అని నా ఫీలింగ్. తప్పైతే చెప్పండి.

లెక్కల_మాస్టారు
నాని గారూ, ముందు తేదీల సంగతి చెప్తాను, అక్కడే సగం జవాబుంది. గురునానక్ జయంతి అంటే మన కార్తీక పౌర్ణమే. మనం 365 వత్తులు వెలిగించే రోజునే వాళ్లు గురుపురబ్ చేసుకుంటారు. 1984లో, అంటే రక్తాక్షి నామ సంవత్సరంలో, దీపావళి అక్టోబర్ 24న వచ్చింది. వాళ్లకి అది బందీ ఛోడ్ దివస్ కూడా, ఆరో గురువు హర్‌గోవింద్ గ్వాలియర్ కోట చెర నుంచి విడుదలైన సందర్భం. అక్టోబర్ 31న సిక్కు అంగరక్షకుల చేతిలో ప్రధాని ఇందిరాగాంధీ హత్య, నవంబర్ 1, 2, 3 తేదీల్లో ఢిల్లీలో ఊచకోత, నవంబర్ 8న కార్తీక పౌర్ణమి. అంటే గురునానక్ జయంతి నాటికి వేలమంది సిక్కులు శిబిరాల్లో ఉన్నారు. కావాలని ఎవరూ కలపలేదండీ, క్యాలెండరే కలిపేసింది.

జూన్ సంగతి కూడా అంతే. ఐదో గురువు అర్జన్ దేవ్‌ని 1606లో లాహోర్‌లో మొఘలులు చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ వర్ధంతి 1984లో జూన్ 3న వచ్చింది. దానికోసం అమృత్‌సర్ స్వర్ణ దేవాలయానికి యాత్రికులు వచ్చి ఉన్న సమయంలోనే, లోపలి సాయుధుల మీద సైన్యం చేసిన బ్లూస్టార్ ఆపరేషన్ మొదలైంది. సాయుధులు లోపల ఉన్నారు నిజమే, మామూలు భక్తులు కూడా ఉన్నారు. ఇప్పుడు జూన్‌లో ఏ సిక్కు ఇంట్లోనైనా ఆ రెండూ కలిపే తలుచుకుంటారు.

విశాఖ_స్వాతి
మాస్టారూ సూపర్, కార్తీక పౌర్ణమి అని తెలుసు గానీ 84 కూడా కార్తీకంలోనే అని తట్టలేదు ఎప్పుడూ.

జూన్‌లో వీళ్లు ఛబీల్ అని పెడతారు చూశారా, రోడ్డు పక్కన టెంట్ వేసి పాలు, చక్కెర, రూహఫ్జా, ఐసు కలిపిన చల్లటి నీళ్లు దారిన పోయేవాళ్లందరికీ ఇస్తారు. మా సీతమ్మధార గురుద్వార్ జంక్షన్ వైపు ఒకసారి స్కూటీ ఆపి మరీ గ్లాసు చేతిలో పెట్టారు. ఏదో సమ్మర్ సేవ అనుకుని తాగేసి థాంక్స్ చెప్పి వచ్చేశా. తర్వాత తెలిసింది, అర్జన్ దేవ్ గురువుని కాలే పెనం మీద కూర్చోబెట్టి ఒంటి మీద వేడి ఇసుక పోశారట, ఆయన జ్ఞాపకంగా ఎండలో వచ్చేపోయేవాళ్లకి చల్లటి నీళ్లు ఇస్తారు. చంపినవాడి వంశాన్ని తిట్టుకుంటా కూర్చోకుండా షర్బత్ పోస్తున్నారు! నాకైతే మాట రాలేదు.

ఛావనీ_సింగ్
సత్ శ్రీ అకాల్ అందరికీ. నేను హైదరాబాదీ సిక్కుని, అత్తాపూర్ దగ్గర సిక్కు ఛావనీ మాది. 1832లో నిజాం దివాన్ చందూలాల్ కాలంలో మహారాజా రంజిత్ సింగ్ పంపిన ఫౌజులో మా పెద్దలు వచ్చిన్రు, మళ్లా పోలే. ఇంట్ల దక్కనీ, గల్లీల తెలుగు, గురుద్వారాల గుర్ముఖి. నా తెలుగు ఇట్లనే ఉంటది, సర్దుకోండి.

నాని భాయ్, నీ సవాల్‌కి జవాబ్ మా అర్దాస్‌ల ఉంది. అర్దాస్ అంటే రోజూ పొద్దున సాయంత్రం నిలబడి చేసే ప్రార్థన. పెళ్లైనా, పసిపిల్లకు పేరు పెట్టినా, కొత్త దుకాణం ఓపెన్ చేసినా అదే అర్దాస్. అండ్ల గురువుల పేర్లు చెప్పినంక ఏం వస్తది తెలుసా? ధర్మం కోసం తలకాయలు ఇచ్చినోళ్లు, కీలుకీలు కోయించుకున్నోళ్లు, చక్రాలకెక్కి చచ్చినోళ్లు, రంపాలతోని కోస్తే కూడా మాట తప్పనోళ్లు, వాళ్లందర్నీ యాద్ చేసుకొని వాహెగురు అంటం. 47ల పాకిస్తాన్ దిక్కు పోయిన నన్కానా సాహిబ్ లాంటి గురుద్వారాల దర్శనం మళ్లా ఇప్పించు అని కూడా అందులోనే అడుగుతం. ఆఖరుకి సర్బత్ దా భలా, అంటే అందరూ బాగుండాలె. అంతే, దాని తర్వాత కడా ప్రసాద్, అంటే హల్వా.

సో మాకు సంతాపానికి సెపరేట్ రోజు, పండగకి సెపరేట్ రోజు అనేది లేదు. పెళ్లి రోజు కూడా రంపాల ముచ్చట వస్తది. చిన్నప్పటి నుంచి విన్నది కాబట్టి మాకు వింత అనిపియ్యదు.

గుంటూరు_మిర్చి
సింగ్ గారూ మీ మాట అర్థమైంది, గౌరవం ఉంది. కానీ మూడొందల ఏళ్ల కిందటి మొఘలుల సంగతి వేరు, 84 వేరు కదా. దాన్ని పట్టుకుని రాజకీయం చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. ఒక పార్టీ ఎలక్షన్లప్పుడు తీస్తుంది, ఇంకో పార్టీ దాక్కుంటుంది.

పాత_ఢిల్లీవాలా
నేను మామూలుగా ఇక్కడ చదివి వెళ్లిపోయే మనిషిని, రాయను. సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరయ్యాను, 1984లో ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మిర్చి బాబూ, గొడవలు అంటే రెండు వైపులా కొట్టుకోవడం. అక్కడ ఒకవైపే కొట్టారు.

మా ఎదురింట్లో ఒక సర్దార్జీ కుటుంబం. నవంబర్ ఒకటో తారీకు మధ్యాహ్నం దూరంగా పొగ లేస్తోంది, ఒకచోట కాదు, నాలుగైదు చోట్ల. గురుద్వారాలు ముందు తగలబెట్టారు, తర్వాత ట్యాక్సీలు, ట్రక్కులు, ఆ తర్వాత ఇళ్లు. ఏ ఇల్లు ఎవరిదో గుంపులకి ముందే తెలుసు, రేషన్ లిస్టులు, ఓటర్ లిస్టులు పట్టుకుని తిరిగారని తర్వాత కమిషన్ల ముందు అఫిడవిట్లలో చాలామంది చెప్పారు. నేను స్క్రూ డ్రైవర్ పట్టుకెళ్లి ఎదురింటి నేమ్‌ప్లేట్ ఊడదీశాను. నాలుగు స్క్రూల్లో ఒకటి తుప్పు పట్టి రాలేదు, చేతులు వణుకుతున్నాయి, చివరికి ప్లేటునే వంచి పీకేశాను. వాళ్ల నలుగుర్నీ మా లోపలి గదిలో పెట్టాం. చిన్న పిల్లాడికి ఏడేళ్లుంటాయేమో, మా ఆవిడ వాడి జుట్టు విప్పి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, మా అమ్మాయి గౌను తొడిగింది. వాడు సిగ్గుతో ఏడుస్తున్నాడు, వాళ్లమ్మ చప్పుడు కాకుండా ఏడుస్తోంది. సర్దార్జీ మాత్రం తలపాగా విప్పమంటే విప్పనన్నాడు. అర్ధరాత్రి దాకా నచ్చజెప్పాల్సి వచ్చింది. కత్తెర మాటైతే నేను ఎత్తలేదు, ఎత్తే ధైర్యం లేకపోయింది.

మా కాలనీ దాకా గుంపు రాలేదు. త్రిలోక్‌పురి, కల్యాణ్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి వాళ్లకి ఆ అదృష్టం లేకపోయింది. త్రిలోక్‌పురి 32వ బ్లాకులో మగాళ్లని ఇళ్లల్లోంచి లాగి చంపారు. అక్కడివాళ్లు పెద్ద వ్యాపారులూ కాదు ఏమీ కాదు, మంచాలు నేసుకునే, ఆటో నడుపుకునే బీదవాళ్లు. ఢిల్లీ ఒక్కదాన్లోనే 2,733 మంది అని అహూజా కమిటీ లెక్క, అది సర్కారు లెక్క. ఆ లెక్క తేలడానికే 1987 దాకా పట్టింది.

ఎనిమిదో తారీకు గురునానక్ జయంతి. ప్రతి ఏడూ తెల్లారుజామున ప్రభాత్ ఫేరీ అని పాడుకుంటూ మా వీధిలోంచి వెళ్లేవాళ్లు, ఆ ఏడు మా వైపు ఎవరూ రాలేదు. ఎదురింటావిడ మాత్రం పొయ్యి వెలిగించి కడా ప్రసాదం చేసింది. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లు. గిన్నె పట్టుకుని మా గడప దగ్గర నిలబడింది. మా ఆవిడ రెండు చేతులూ పట్టింది.

ఆ పిల్లాడు ఇప్పుడు కెనడాలో ఉన్నాడు. ఫోన్ చేస్తుంటాడు.

విశాఖ_స్వాతి
బాబాయ్ గారూ... ఏం రాయాలో తెలీట్లేదు. ఆంటీ గారికి నా నమస్కారం చెప్పండి.

గుంటూరు_మిర్చి
సార్ నేను గొడవలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా ప్రశ్న అలాగే ఉంది, కోర్టులు చూసుకోవాల్సిన దాన్ని పండగలో ఎందుకు పెట్టాలి?

చీరాల_చంద్రం
మిర్చి గారూ, కోర్టులు చూసుకుంటే పండగలో ఎవరూ పెట్టరండి. మన గుంటూరు, ప్రకాశం జిల్లాలే చూడండి. 1985 జూలై 17 కారంచేడు, దళితుల్ని చంపారు. ఊరొదిలి వచ్చినవాళ్లు చీరాలలోనే ఉండిపోయారు. 1991 ఆగస్టు 6 చుండూరు, అక్కడా దళితులే. చనిపోయినవాళ్లని ఊరి మధ్యలో పాతిపెట్టి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు, ఇవాళ్టికీ ఆగస్టు 6న జనం వస్తారు. 2007లో స్పెషల్ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇప్పుడు చెప్పండి, కొడుకు పోయిన తల్లి ఆగస్టు 6న సమాధి దగ్గరికి వెళ్లకుండా ఎక్కడికి వెళ్తుంది? మతం గొడవ, కులం గొడవ తేడా ఉండొచ్చు, మర్చిపోండి అనేవాళ్లు మాత్రం రెండు చోట్లా ఒకేలా మాట్లాడతారు.

ఓరుగల్లు_పోరడు
ఎవ్వరు ఎత్తట్లే గాని అసలు ముచ్చట మన తెలుగోళ్లది కూడా ఉంది ఇండ్ల. అప్పటి హోం మంత్రి ఎవరు? మన పీవీ. ఢిల్లీ పోలీస్ ఎవరి కింద ఉంటది? హోం శాఖ కింద. 2019 డిసెంబర్‌ల మన్మోహన్ సింగే బహిరంగంగ చెప్పిండు, ఐ.కె. గుజ్రాల్ ఆ సాయంత్రమే పీవీ దగ్గరికి పోయి మిలిటరీని పిలువుమని చెప్పిండట, ఆ మాట విని ఉంటే ఈ మారణకాండ తప్పేదేమో అని. ఆర్థిక సంస్కరణలు అన్నప్పుడు మా వరంగల్ బిడ్డ అని చాతి చరుస్తం, ఇది వచ్చినప్పుడు సప్పుడు చెయ్యం. పీవీ అంటే నాకు ఇష్టమే, గౌరవమే, అయినా ఇది ఆయన ఖాతాల ఉన్నదే.

లెక్కల_మాస్టారు
పోరడు గారూ, ఆ మాట అన్నప్పుడు పీవీ కుటుంబం నుంచి అభ్యంతరం కూడా వచ్చింది, అదీ చెప్పాలి. ప్రధాని పోయిన ఆ సాయంత్రం నుంచి శాంతిభద్రతల విషయాలన్నీ నేరుగా పీఎంవోనే చూసుకుందని పీవీ పక్షాన రాసినవాళ్లు అంటారు. సైన్యాన్ని దింపడంలో ఆలస్యం జరిగిందన్నది మాత్రం ఎవరూ కాదనలేదు. 84 మీద వేసిన నానావతి కమిషన్ అప్పటి ఢిల్లీ పోలీస్ కమిషనర్ని గట్టిగానే తప్పుపట్టింది. కొత్త ప్రధాని రాజీవ్‌గాంధీ ఏమో నవంబర్ 19న బోట్ క్లబ్ మీటింగులో పెద్ద చెట్టు కూలినప్పుడు భూమి కాస్త కంపిస్తుంది అన్నారు. ఎన్ని కమిషన్లు వేసినా ఆ ఒక్క మాట సిక్కులెవరూ మర్చిపోలేదు.

ఓరుగల్లు_పోరడు
పీఎంవోనే చూస్కుంటే రాజీనామా చెయ్యొచ్చు కదా సార్. హోం మంత్రి కుర్చీల కూసొని నాకేం చెప్పలే అంటే నడుస్తదా. ఇంకో ముచ్చట, ఆ డిసెంబర్‌ల ఎలక్షన్ అయితే దేశమంత సానుభూతి గాలి, మా హనుమకొండల మాత్రం పీవీ జంగారెడ్డి చేతిల ఓడిపోయిండు. దానికి కారణం 84 కాదులెండి, ఇక్కడ ఎన్టీఆర్ గాలి. మహారాష్ట్ర రాంటెక్‌ల గెలిచి పార్లమెంటుకు పోయిండు.

మోడరేటర్
పీవీ మీద వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ నాని గారు అడిగింది పండగ, జ్ఞాపకం గురించి. పార్టీల పేర్లు పెట్టి తిట్టుకోవడం మొదలైతే లాక్ చేస్తా.

బే_ఏరియా_సత్తి
కాలిఫోర్నియా నుంచి నా రెండు సెంట్లు. ఇక్కడ యూబా సిటీలో నవంబర్ మొదటి ఆదివారం నగర్ కీర్తన్ జరుగుతుంది, అంటే ఊరేగింపు. దేశం నలుమూలల నుంచి వస్తారు, మేం తెలుగోళ్లం కూడా తిండి కోసమే కార్లేసుకుని వెళ్తాం, అబద్ధమెందుకు. గురుగ్రంథ్ సాహిబ్‌కి గురుపదవి ఇచ్చిన సందర్భం అది. ముందు వరసలో పూలతో పల్లకీ, వెనకాల పిల్లల గత్కా కత్తి విద్య, దారి పొడుగునా పకోడీలు, జిలేబీలు, టాకోలు కూడా. వాటి మధ్యలోంచి ఒక ట్రక్కు వస్తుంది, దాని నిండా 84 ఫొటోలు. ఇంకో ట్రక్కు మీద ఖలిస్తాన్ (వేరే సిక్కు దేశం కావాలనేవాళ్ల) జెండాలు. నాకు మొదటి ట్రక్కు దగ్గర నోట్లో జిలేబీ మింగుడు పడలేదు, రెండో ట్రక్కు చూసి చిరాకేసింది. ఒకే ఊరేగింపులో రెండూ.

ఎవరైనా అనాలి కాబట్టి నేనే అంటున్నా. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేల్చేసి 329 మందిని చంపిందీ ఆ జెండాల పేరు చెప్పుకున్నవాళ్లే. దానికి ముందు పంజాబ్‌లో బస్సులు ఆపి హిందువుల్ని దింపి కాల్చారు. 84 గుర్తు పెట్టుకోవాలి అంటే ఇవి కూడా గుర్తు పెట్టుకోవాలి కదా. ఐర్లాండ్‌లో సముద్రం ఒడ్డున అహాకిస్టా అని చిన్న పల్లె, అక్కడ కనిష్క స్మారకం ఉంది, ప్రతి జూన్‌లో ఆ పల్లెవాళ్లు వచ్చి నిలబడతారు. మన దేశంలో ఎంతమందికి ఆ తేదీ తెలుసు?

ఛావనీ_సింగ్
సత్తి భాయ్, నువ్వన్నది హక్. నేను ఒప్పుకుంటా. కనిష్కల సిక్కులు కూడా చచ్చిపోయిన్రు. మా దగ్గర అర్దాస్‌ల సర్బత్ దా భలా అంటరు, బస్సులకెల్లి దింపి కాల్చినోడు ఏ నోటితోని ఆ మాట అన్నడో నాకు ఇప్పటికీ సమజ్ కాదు. కానీ త్రిలోక్‌పురిల మంచాలు నేసుకునేటోనికి, కనిష్కకి లెక్క కలుపుతరు చూడు కొందరు, అది నాకు పడదు. నువ్వు కలపలే, తెలుసు.

ఇంకోటి. యాద్ చేసుకునుడు అంటే పగ పెంచుకునుడు అనుకుంటున్న మిర్చి భాయ్‌కి ఒక ముచ్చట చెప్తా. డిసెంబర్‌ల పంజాబ్ ఫతేగఢ్ సాహిబ్‌ల షహీదీ సభ, అంటే అమరులను యాద్ చేసుకునే సభ, జరుగుతది. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులు, జోరావర్ సింగ్‌కి తొమ్మిదేండ్లు, ఫతే సింగ్ ఇంకా చిన్నోడు. సర్హింద్ నవాబ్ వజీర్ ఖాన్ వాళ్లను గోడల సమాధి చేయించిండు. నాయనమ్మ మాతా గుజ్రీతోని పిల్లల్ని చలికాలంల ఠండా బుర్జ్ అనే చల్లటి బురుజుల పెట్టిన్రు. ఇప్పుడు అక్కడికి లక్షల మంది వస్తరు. పాత తరం వాళ్లు ఆ రోజులల్ల మంచం మీద పండుకోరు, కింద పండుకుంటరు. ఆ నెలల పెళ్లిళ్లు పెట్టుకోరు. లంగర్‌ల మిఠాయి వద్దు అని పెద్దలు చెప్తనే ఉంటరు. అయినా జిలేబీ పెట్టేటోళ్లు పెడ్తరు, ఆ పంచాయితీ మా దాంట్ల ప్రతి ఏడు ఉంటది.

ఆ కథల ఇంకొకరు కూడా యాదికి ఉంటరు. పిల్లల్ని చంపుమని తీర్పు ఇస్తుంటే మలేర్‌కోట్ల నవాబ్ షేర్ మొహమ్మద్ ఖాన్ అదే దర్బార్‌ల లేచి, పసిపిల్లలు ఏం తప్పు చేసిన్రు, ఇది ఇస్లాం కాదు అని చెప్పి బయటికి నడిచిండు. ఆయన గురువుకి దుష్మనే, యుద్ధంల ఎదురుగ నిలబడ్డోడే. ఆ ఒక్క మాటకి మలేర్‌కోట్లల హా దా నారా అని గురుద్వారా కట్టుకున్నం. 1947ల పంజాబ్ అంతా తగలబడ్డది, మావోళ్లు కూడా ముస్లింలను చంపిన్రు, దాచుడెందుకు. మలేర్‌కోట్ల ముస్లింల మీద మాత్రం చెయ్యి పడలే. 240 ఏండ్లు యాద్ పెట్టుకున్నరు కాబట్టే ఆ ఊరు బతికింది. మర్చిపోయి ఉంటే బతకకపోతుండె.

చీరాల_చంద్రం
ఇది నాకు కొత్త. స్కూల్ పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. పాత ఢిల్లీవాలా గారింట్లో జడలు వేసిన కథ కూడా ఆ ఎదురింటి వాళ్ల మనవలు ఇలాగే చెప్పుకుంటుంటారేమో.

లెక్కల_మాస్టారు
సర్హింద్ కథకి మన గోదావరితో సంబంధం ఉంది, చెప్పకుండా ఉండలేను. పిల్లలు పోయాక గురు గోవింద్ సింగ్ దక్కనుకి వచ్చారు. 1708లో నాందేడ్‌లో గోదావరి ఒడ్డున ఆయన మీద కత్తి దూసిన పఠాన్లని పంపింది ఆ వజీర్ ఖానే అని సిక్కు సంప్రదాయం. ఆ గాయంతోనే ఆయన పోయారు. పోయేముందు అక్కడే కలిసిన బైరాగి ఒకర్ని బందా సింగ్‌గా పంజాబ్ పంపారు, ఆయన 1710లో సర్హింద్ గెలిచారు. నాందేడ్ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో ఉన్న ఊరే, మన బాసరకి కాస్త ఎగువ. హజూర్ సాహిబ్ మొదటి కట్టడం కూడా రంజిత్ సింగ్ పంపిన డబ్బుతోనే లేచింది. మన సింగ్ గారి పెద్దలు వచ్చిన కాలమే అది.

నిజాంపేట్_నాని
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక్క డౌట్ మిగిలింది. మలేర్‌కోట్ల కథలో మంచి మాట అన్నవాడున్నాడు, ఛబీల్‌లో షర్బత్ ఉంది. 84కి అలాంటిది ఏముంది? మా వాడు నల్ల డీపీ పెట్టి ఊరుకుంటాడంతే. దానికి ఇంకా ఒక రూపం రాలేదా?

పాత_ఢిల్లీవాలా
నాని బాబూ, మంచి ప్రశ్న వేశావు. ఢిల్లీ రకాబ్ గంజ్ గురుద్వారాలో 2017లో సచ్ దీ దీవార్ అని పేర్లు చెక్కిన గోడ కట్టారు. పార్లమెంటుకి కూతవేటు దూరం. తిలక్ విహార్‌లో భర్తలు పోయిన ఆడవాళ్లకి ఇళ్లిచ్చారు, ఆ కాలనీకి పేరే విడో కాలనీ అని పడిపోయింది. అక్కడి గురుద్వారాలో చనిపోయినవాళ్ల ఫొటోలు గోడ నిండా ఉంటాయి. చాలావరకు పెళ్లి ఫొటోలోంచి కత్తిరించి పెద్దవి చేయించినవి, పక్కనున్న పెళ్లికూతురి భుజం కాస్త కనిపిస్తుంటుంది. ఆ పెళ్లికూతుళ్లే ఇప్పుడు ముసలివాళ్లై కింద కూర్చుని ఉంటారు.

అర్దాస్‌లో ఉన్న పాత హింసలకి ఒక ముగింపు దొరికింది. సర్హింద్ కూలింది, కథ పూర్తయింది. 84కి అది లేదు. పది పైచిలుకు కమిషన్లు, కమిటీలు. 2005 ఆగస్టులో మన్మోహన్ సింగ్ రాజ్యసభలో సిగ్గుతో తల వంచుతున్నానని దేశానికంతా క్షమాపణ చెప్పారు, బాగానే ఉంది. మరి అప్పటి కాంగ్రెస్ నాయకుడు సజ్జన్ కుమార్‌కి యావజ్జీవం పడింది ఎప్పుడు? 2018 డిసెంబర్ 17న, ఢిల్లీ హైకోర్టులో. సరస్వతీ విహార్‌లో తండ్రీకొడుకుల్ని చంపిన కేసులో రెండో యావజ్జీవం 2025 ఫిబ్రవరిలో. సాక్ష్యం చెప్పడానికి పాతికేళ్ల వయసులో వచ్చిన మనిషి అరవై దాటి బోనెక్కింది. పండగ సంతాపాన్ని మోస్తుందంటే మోస్తుంది గానీ, కేసు నడుస్తుండగా దేన్నని మోస్తుంది?

గుంటూరు_మిర్చి
ఇది ఒప్పుకుంటా. కోర్టు టైమ్‌కి చేసి ఉంటే నా మాట నిలబడేది. అయినా ఊరేగింపులో ఆ ట్రక్కులు మాత్రం నాకు నచ్చవు, పిల్లలు చూస్తారు.

ఛావనీ_సింగ్
పిల్లలు అర్దాస్‌ల రంపాల ముచ్చట మూడేండ్లప్పటి నుంచి వింటనే ఉన్నరు భాయ్. ట్రక్కు మీద ఏ జెండా ఉందన్నదే లొల్లి, ఫొటో కాదు.

బే_ఏరియా_సత్తి
ఇక్కడి పద్ధతి ఒకటి చెప్తా నాని. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ ఓక్ క్రీక్‌లో ఆదివారం లంగర్ వండుతున్న టైమ్‌కి ఒక తెల్లజాతి పిచ్చోడు గురుద్వారాలోకి వచ్చి కాల్చాడు. ఆరుగురు అప్పుడే పోయారు, ఇంకొకాయన పక్షవాతంతో మంచాన పడి 2020లో పోయారు. బుల్లెట్ తగిలిన తలుపు చట్రాన్ని బాగుచెయ్యకుండా అలాగే ఉంచి కింద చిన్న ఫలకం పెట్టారు. ప్రతి ఆగస్టులో చర్దీ కలా పేరుతో ఆరు కిలోమీటర్ల పరుగు పెడతారు, ఊళ్లో తెల్లవాళ్లూ పోలీసులూ అందరూ పరిగెడతారు. ఇప్పుడు అది వాళ్లకి సగం తిరనాళ్లే.

విశాఖ_స్వాతి
చర్దీ కలా అంటే?

ఛావనీ_సింగ్
ఎంత దెబ్బ పడ్డా దిల్ దిగజారొద్దు, జోష్ మీదనే ఉండాలె అని. రోజూ అడిగే వరం అదే.

నాని భాయ్, నీ దోస్త్‌ని అడుగు, ఏం తగల్దు. 84 ముచ్చట ఎవరూ అడగరు అనేదే మావోళ్ల బాధ. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌ల గురునానక్ జయంతి సభ విశాల్ దీవాన్‌కి వస్తే రుమాలు తెచ్చుకో, లేకుంటే అక్కడ ఇస్తరు. సిగరెట్ ప్యాకెట్ జేబుల ఉంటే బండిలనే వదిలిపెట్టు. పంగత్‌ల, అంటే భోజనాల వరసల, కూసున్నంక రొట్టె రెండు చేతులు చాపి తీస్కోవాలె, ఒక చెయ్యి పెడితే ముసలాయన నిలబడి చూస్తడు గానీ వెయ్యడు. పప్పు వద్దంటే ముందే చెయ్యి అడ్డం పెట్టు, బకెట్ ఆగదు.

విశాఖ_స్వాతి
సింగ్ గారూ, డిసెంబర్‌లో ఫతేగఢ్ సాహిబ్ వెళ్లాలనుంది అమ్మతో కలిసి. వైజాగ్ వాళ్లం, చలి అలవాటు లేదు. రూమ్స్ దొరుకుతాయా?

ఛావనీ_సింగ్
సభ మూడు రోజులల్ల రూమ్ ఆశ పెట్టుకోకు స్వాతి జీ. చండీగఢ్‌ల దిగండి, అక్కడికెల్లి గంట సేపు. పొగమంచుల రైళ్లు లేట్ అయితయి, రిటర్న్ టికెట్ ఒక రోజు గ్యాప్ పెట్టుకొని చేస్కోండి. అమ్మకి ఊలు సాక్సులు తీస్కపోండి, చెప్పులు బయటనే ఇడిసిపెట్టాలె, పాలరాయి మీద ఉత్త కాళ్లతోని నడుసుడు ఆమెకు కష్టమైతది.